పాత హోండా సిటీ: మూడో సిలిండర్ ప్లగ్ వైరు ఇరుక్కుపోయింది, లాగినా రావట్లేదు

గోదావరి_గట్టు (రాజమండ్రి):
అందరికీ నమస్కారం. బండి 2002 హోండా సిటీ 1.5 పెట్రోలు. నాన్నగారు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి మిస్సింగ్ కొడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, బ్రిడ్జి ఎక్కేటప్పుడు పికప్ అస్సలు ఉండట్లేదు. ప్లగ్గులూ ప్లగ్ వైర్లూ ఎప్పుడు మార్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. రెండూ మార్చేద్దామని కొత్త సెట్ తెచ్చుకున్నాను.

ఒకటి, రెండు, నాలుగు వైర్లు కాస్త మొరాయించినా వచ్చేశాయి. మూడోది మాత్రం కదలట్లేదు. పైన కనిపించే క్యాప్ పట్టుకుని లాగితే రబ్బరు సాగుతోంది కానీ కింద పట్టు వదలట్లేదు. ఇంకాస్త గట్టిగా లాగితే వైరే చేతికి వచ్చేలా ఉంది. మా వీధి చివర మెకానిక్ చూసి “హెడ్ దించాల్సి రావచ్చు” అన్నాడు, అంటే ఇంజన్ పైభాగమంతా విప్పడం. అది విన్న దగ్గర నుంచి టెన్షన్. ప్లగ్ వైరు కోసం హెడ్ దించడమేంటో నాకు అర్థం కాలేదు. ఎవరైనా ఈ పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

బెజవాడ_పానా (ఆటోనగర్):
తమ్ముడూ, ముందు లాగడం ఆపు. హెడ్ దించే పనేమీ లేదు, ఆ మాట మర్చిపో. రెండు సంగతులు చెప్పు. వచ్చిన మూడు క్యాపుల చివర నూనె ఉందా, పొడిగా ఉన్నాయా? మూడో ప్లగ్గు ఉన్న గుంతలోకి టార్చ్ వేసి చూస్తే ఏం కనిపిస్తోంది?

రయ్‌రయ్ (వరంగల్):
దీనికి ఇంత ఆలోచన ఎందుకు బ్రో? డబ్ల్యూడీ-40 కొట్టు, కటింగ్ ప్లేయర్‌తో పట్టుకో, ఒక్క గుంజు గుంజు. వచ్చేస్తది. వైరు ఎలాగూ పారేసేదే కదా.

ఓమ్స్_సుబ్బు (విశాఖ):
వైరు పారేసేదే, నిజమే. కానీ గుంజితే ఊడొచ్చేది వైరు ఒక్కటే, చివర ఉన్న క్యాప్ గుంతలోనే ఉండిపోతుంది. అప్పుడు పట్టుకోవడానికి పైన ఏమీ మిగలదు.

ఈ వైరు లోపల ఎలా ఉంటుందో తెలిస్తే ఎందుకు లాగకూడదో అర్థమవుతుంది. చూడటానికి లావుగా, బలంగా ఉంటుంది గానీ లోపల రాగి తీగ ఉండదు. చాలా కార్లలో కార్బన్ పట్టించిన సన్నటి ఫైబర్ పోగు ఉంటుంది. రేడియోలో గరగర రాకుండా కావాలనే దానికి రెసిస్టెన్స్ పెడతారు. చుట్టూ ఉన్న మందమంతా ఇన్సులేషనే, ఇరవై ముప్పై వేల వోల్టులు బయటికి దూకకుండా. ఆ పోగు చివర ఒక చిన్న లోహపు క్లిప్పుకి నొక్కి ఉంటుంది, ఆ క్లిప్పు వెళ్లి ప్లగ్గు తల మీద కూర్చుంటుంది. వైరు పట్టి లాగితే ముందు విడిపోయేది ఆ నొక్కు దగ్గరే. బయటికి ఏమీ తెలియదు, లోపల తెగిపోయి ఉంటుంది. బాగున్న వైర్లని కూడా చాలామంది ఇలాగే పాడు చేస్తారు.

మరి అంటుకునేది ఏది? క్లిప్పు కాదు. క్యాప్ చివరి రబ్బరు ప్లగ్గు పింగాణీని బిగించి పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి ఆ రబ్బరు గట్టిపడి, మూకుడుకి మాడిన దిబ్బరొట్టె అడుగులా పింగాణీకి అతుక్కుపోతుంది. పైకి లాగే కొద్దీ రబ్బరు సాగి సన్నబడి ఇంకా బిగుస్తుంది. అందుకే ముందు తిప్పి ఆ పట్టు విడగొట్టాలి, తర్వాతే పైకి లాగాలి.

గోదావరి_గట్టు:
పానా అన్నా, ఒకటీ రెండూ పొడిగా ఉన్నాయి. నాలుగో క్యాప్ చివర కాస్త జిడ్డు ఉంది. మూడో గుంతలో టార్చ్ వేస్తే క్యాప్ చుట్టూ నల్లగా మెరుస్తోంది. సన్నటి పుల్ల దించి తీస్తే దాదాపు వేలెడు మేర ఇంజనాయిల్ అంటుకుంది.

బెజవాడ_పానా:
అనుకున్నాను. నీ బండికి ప్లగ్గులు వాల్వ్ కవర్ (ఇంజన్ పై మూత) మధ్యలో లోతు గుంతల్లో ఉంటాయి కదా. ఆ గుంత చుట్టూ కవర్ లోపల రబ్బరు సీళ్లు ఉంటాయి. అవి ఎండిపోయి గట్టిపడితే పైనున్న ఆయిల్ కొంచెం కొంచెం గుంతలోకి జారుతుంది. ఆ ఆయిల్‌లో నానిన క్యాప్ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బినది లావై గుంత గోడకి కూడా పట్టేసింది. నీకు రెండు చోట్ల పట్టు ఉంది, అందుకే మొండికేస్తోంది. మిస్సింగ్‌కి కూడా సగం కారణం ఇదే అయ్యుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను, తొందరపడకుండా చెయ్యి.

ముందు తీసిన మూడు పాత వైర్లూ మళ్లీ వాటి చోట్లో పెట్టు. ఏది ఎక్కడిదో మర్చిపోకముందే కొత్తవాటికీ పాతవాటికీ టేపు ముక్క చుట్టి అంకె రాసుకో. టైమింగ్ బెల్ట్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్. స్పార్క్ వరస 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకీ వరసగా కరెంటు పంచేది) క్యాప్ దగ్గర వైర్లు సిలిండర్ల వరసలో ఉండవు, అందుకే ఒక ఫోటో తీసి పెట్టుకో. అన్నీ పెట్టాక ఇంజన్ రెండు మూడు నిమిషాలు ఆడించి ఆపెయ్. గోరువెచ్చగా అయితే చాలు, రబ్బరు కాస్త మెత్తబడుతుంది. చెయ్యి కాలేంత వేడి అక్కర్లేదు. వైరు ఊడదీసి ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. ఆ కరెంటుకి పోవడానికి దారి లేకపోతే ఎక్కడో ఒకచోట దూకుతుంది, డిస్ట్రిబ్యూటర్‌లో ఉన్న కాయిల్ (ఆ వోల్టేజీ పుట్టించేది) మీద భారం పడుతుంది. నీ చేతి మీదికి దూకినా దూకుతుంది.

ఇంజన్ ఆపి తాళం తీసేశాక సిలికాన్ స్ప్రే తీసుకో. దానికి వచ్చే సన్నటి గొట్టం గుంతలోకి దించి, క్యాప్ చుట్టూ నాలుగు వైపులా కొట్టు. వేడిగా ఉన్న సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడనివ్వకు, మంట అంటుకోవచ్చు. కాసేపు వదిలెయ్. తర్వాత క్యాప్ పైభాగానికి పాత ట్యూబు రబ్బరు ముక్క చుట్టి, దాని మీద వాటర్ పంప్ ప్లేయర్ పెట్టి పట్టుకో. ఒట్టి ప్లేయర్ పెడితే పళ్లు దిగబడి రబ్బరు చిరుగుతుంది. ఇప్పుడు లాగకు. కుడివైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, మళ్లీ కుడివైపు. మొదట్లో పైభాగం మాత్రమే మెలి తిరిగి వెనక్కి వస్తుంది, కిందది కదలదు. ఓపిక పట్టి చేస్తూ ఉంటే ఒక్కసారి టప్‌మని వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు మెల్లగా తిప్పుతూనే నిటారుగా పైకి తియ్యాలి. పక్కకి వంచావంటే లోపల పింగాణీ విరుగుతుంది.

ఎడమవైపు ఎక్కువ తిప్పకు. ప్లగ్గు తల మీద ఉండే చిన్న నట్టు కొన్నింట్లో మరతో బిగించినదై ఉంటుంది. ఎడమకి తిప్పితే అది ఊడి క్యాప్‌లోనే వచ్చేస్తుంది. కొత్త ప్లగ్గు వేస్తున్నావు కాబట్టి పోయేదేమీ లేదు గానీ, ఎక్కడ పడిందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఈ పూట రాకపోతే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టు.

రయ్‌రయ్:
డబ్ల్యూడీ-40 ఎందుకు వద్దో ఎవరూ చెప్పలే. మా దగ్గర తుప్పు పట్టిన బోల్టుకైనా, కిర్రుమనే తలుపుకైనా అదే కొడతారు.

ఓమ్స్_సుబ్బు:
బోల్టుకి కొట్టండి, తలుపుకీ కొట్టండి, నాకేం అభ్యంతరం లేదు. అది పెట్రోలియం సరుకు. ఈ క్యాపులకి వాడే రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బుతుంది. అక్కడున్న సమస్యే ఇంజనాయిల్‌కి ఉబ్బిన రబ్బరు. దాని మీద ఇంకో నూనె పోస్తే ఏమొస్తుంది? కాసేపు జారుడుగా అనిపిస్తుంది, రాత్రంతా వదిలేస్తే ఇంకా లావవుతుంది. సిలికాన్ అయితే ఆ గొడవ తక్కువ. పైగా ఆ నూనె గుంతలో మిగిలిపోతే కొత్త క్యాపుకి కూడా తగులుతుంది.

రయ్‌రయ్:
ఓకే. ఈ లెక్కన నాది క్యాన్సిల్.

డెట్రాయిట్_మావయ్య (మిషిగన్):
మా ఊళ్లో ఇప్పటికీ రోడ్ల మీద కనిపించే పాత బ్యుయిక్ లెసేబర్ ఒకటి నా దగ్గర ఉంది, 3.8 లీటర్ల వీ6. అందులో మూడు ప్లగ్గులు ముందు వైపు, మూడు వెనక వైపు, డ్యాష్‌బోర్డు గోడకి ఆనుకుని. వెనకవి కంటికి కనపడవు, చెయ్యి దూర్చి తడుముకుంటూ చెయ్యాలి. గట్టు గారి బండితో పోలిస్తే ఇక్కడ తేడా ఏంటంటే, ప్లగ్గు గుంతలో ఉండదు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ వేడికి రబ్బరు మాడకుండా క్యాప్ చుట్టూ ఒక రేకు తొడుగు వేస్తారు. పాతబడ్డాక ఆ తొడుగు లోపల రబ్బరు అతుక్కుపోతుంది, తొడుగేమో ప్లగ్గు నట్టు దగ్గర తుప్పుతో పట్టేస్తుంది. మా దగ్గర చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పుకి లోటు లేదు.

అక్కడ నాకు పనికొచ్చింది క్యాప్ తీసే ప్రత్యేకమైన ప్లేయర్. దవడలు గుండ్రంగా వంగి, ప్లాస్టిక్ తొడుగుతో ఉంటాయి, రబ్బరుని చుట్టూ సమంగా పట్టుకుంటాయి. దానితో కూడా ముందు తిప్పుడే, లాగుడు తర్వాత. అలాగే రానివాటిని కొక్కెం బ్లేడుతో నిలువునా చీల్చాను. చీలిక పడగానే రబ్బరుకి బిగుతు పోతుంది, తొక్క వలిచినట్టు వచ్చేస్తుంది. బ్లేడు మాత్రం పింగాణీ మీద గీత పడకుండా చూసుకోవాలి, ఆ ప్లగ్గు మళ్లీ వాడేటట్టయితే. గీత పడిన చోట స్పార్క్ బయటికి దూకే దారి ఏర్పడుతుంది.

లోతు గుంతలో బ్లేడు దించడం కుదరదు కాబట్టి గట్టు గారికి ఈ చిట్కా పనికిరాదు. రాసింది పక్కనుంచి ప్లగ్గులు బిగించే బండ్లవాళ్ల కోసం. మారుతీ 800 ఉన్నవాళ్లు చాలామంది ఇక్కడ ఉన్నారు కదా.

మాధవి_కూకట్‌పల్లి (హైదరాబాద్):
మధ్యలో నాదొక మాట. ఆయిల్ ఒక్కటే కాదు, నీళ్ల సంగతి కూడా చూసుకోండి. ఆయన వానల నుంచి మొదలైందన్నారు. వానకంటే ఎక్కువ హాని వాటర్ సర్వీసింగ్ దగ్గర జరుగుతుంది. బానెట్ ఎత్తి ప్రెజర్ గన్‌తో ఇంజన్ మీద కొట్టేస్తారు. క్యాప్ పైన ఉండే రబ్బరు మూత కాస్త వదులుగా ఉందంటే చాలు, గుంత నిండా నీళ్లు. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. నీళ్లు పోయే దారి లేక ప్లగ్గు నట్టు తుప్పు పట్టి, ఆ తుప్పు పొడి క్యాప్ అంచులో ఇరుక్కుంటుంది. మా ఎల్‌పీజీ బండికి ఇలాగే జరిగింది. మిస్సింగ్ అని వెళ్తే గ్యాస్ కిట్ ట్యూనింగ్ అని తిప్పారు, అసలు సంగతి గుంతలో నీళ్లు.

గ్యాస్ బండ్లవాళ్లకి ఇంకో మాట. గ్యాస్‌ని మండించడానికి పెట్రోలు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. వైరులో చిన్న లోపం ఉన్నా పెట్రోలు మీద నడిచిపోతుంది, గ్యాస్ మీదికి మార్చగానే బయటపడుతుంది. గ్యాస్‌లో మాత్రమే మిస్సింగ్ అంటే కిట్‌ని తిట్టే ముందు వైర్లు చూడండి.

చీకట్లో ఒక పరీక్ష చేయొచ్చు. బానెట్ ఎత్తి, లైట్లన్నీ ఆపి, ఇంజన్ ఆడుతుండగా దూరంగా నిలబడి చూడండి. ఇన్సులేషన్ పగిలిన చోట సన్నటి నీలం మెరుపు దూకుతూ కనిపిస్తుంది. చెయ్యి మాత్రం పెట్టకండి, చున్నీ గానీ వదులు చొక్కా గానీ బెల్ట్ దగ్గరికి పోనివ్వకండి.

గోదావరి_గట్టు:
అప్‌డేట్. సగం శుభవార్త.

పానా అన్న చెప్పినట్టే నిన్న సాయంత్రం స్ప్రే కొట్టి వదిలేశాను. పొద్దున కాస్త వేడి చేసి తిప్పితే గుంత గోడ దగ్గర పట్టు వదిలింది, చాలా తేలిగ్గా తిరిగింది. పైకి తీస్తుంటే క్యాప్ వచ్చింది గానీ కింద అంగుళం మేర రబ్బరు చిరిగి ప్లగ్గు మీదే ఉండిపోయింది. టార్చ్ వేస్తే పింగాణీ చుట్టూ నల్లటి తొడుగులా, పైన లోహపు క్లిప్పు వంకరగా కనిపిస్తున్నాయి. చేతికొచ్చిన ముక్క చూస్తే వింతగా ఉంది. పైన వేలితో నొక్కితే ఎండిన తోలులా గట్టిగా, చిరిగిన చోట మాత్రం మెత్తగా, నల్లటి జిగురుగా. వేలికి అంటితే సబ్బుతో కూడా పోవట్లేదు.

ఇప్పుడు ఆ ముక్క ఎలా తియ్యాలి? ప్లగ్గుతో పాటే తిప్పేస్తే వచ్చేస్తుందా?

బెజవాడ_పానా:
ఆగు. ప్లగ్గు విప్పకు. ఆ గుంతలో ఏ ముక్క ఉన్నా ప్లగ్గు బిగించి ఉన్నంతసేపు అది మూత. ప్లగ్గు విప్పిన క్షణం నుంచి ఆ గుంత నేరుగా సిలిండర్‌లోకి దారి. రబ్బరు ముక్క పడితే కాలి మసవుతుందేమో గానీ ఆ క్లిప్పు ముక్క పడితే పిస్టన్‌నీ వాల్వునీ కొడుతుంది. అప్పుడు నిజంగానే మీ వీధి మెకానిక్ చెప్పినట్టు హెడ్ దించాలి.

మొదట ఆ క్లిప్పు తియ్యి. పొడుగు మూతి నోస్ ప్లేయర్ ఉంటే సులువు, దాదాపు జానెడు పొడవున్నది కావాలి. లేకపోతే సైకిల్ స్పోకులు రెండు తీసుకుని చివర చిన్న కొక్కెంలా వంచు, మొన ఆకురాయితో నున్నగా చెయ్యి. ఒకటి అటు, ఒకటి ఇటు, ప్లగ్గు పింగాణీకీ రబ్బరుకీ మధ్య కాదు, రబ్బరు బయటి వైపు నుంచి అడుగు అంచు కిందికి దించి పైకి లాగు. రెండువైపులా సమానంగా లాగితే తొడుగు ఊడి వస్తుంది. ముక్కలు ముక్కలుగా వచ్చినా ఫర్వాలేదు, తీసిన ప్రతి ముక్కా పేపర్ మీద పేర్చుకో. పాత క్యాప్‌కి ఎంత తక్కువైందో అంత వచ్చిందా లేదా తెలుస్తుంది.

తర్వాత ఆయిల్. మందుల షాపులో పెద్ద సిరంజి, దానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తగిలించి గుంతలోది పీల్చెయ్. మిగిలినది కర్రకి గుడ్డ చుట్టి తుడువు. చివరికి పంక్చర్ షాపు గాలి గొట్టం తెచ్చుకుని గుంతలోకి కొట్టు, కళ్లద్దాలు పెట్టుకుని. ఇసుక, తుప్పు పొడి అన్నీ పైకి లేస్తాయి. తుడిచాక కొన్ని చుక్కల ఆయిల్ మిగిలి, ప్లగ్గు తీసినప్పుడు లోపలికి పడినా కంగారు పడకు. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్లటి నీలం పొగ వస్తుంది, ఆగిపోతుంది.

ఓమ్స్_సుబ్బు:
ప్లగ్గు తీసే ఘట్టానికి వచ్చారు కాబట్టి నా వాటా.

వైరు తీసేటప్పుడు ఇంజన్ వెచ్చగా ఉంటే మంచిదన్నారు కదా, ప్లగ్గుకి అది తిరగబడుతుంది. హెడ్ అల్యూమినియం. వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే మరలు లాక్కొచ్చే ప్రమాదం ఉంది. పూర్తిగా చల్లారనివ్వండి. 16 మి.మీ. ప్లగ్ సాకెట్, లోపల రబ్బరు పట్టు ఉన్నది వాడండి. కొంచెం వదులు చేశాక గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఒకటి రెండు చుక్కలు పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి, కాస్త వెనక్కి బిగించి, మళ్లీ విప్పండి. రయ్‌రయ్ గారూ, మీ డబ్ల్యూడీ-40కి ఇక్కడ చోటుంది, సంతోషమేనా?

కొత్త ప్లగ్గు నంబరు ఒకసారి చదువుకోండి. ఎన్‌జీకేలో బీకేఆర్6ఈ-11 అనుకోండి. బీ అంటే 14 మి.మీ. మర, కే అంటే 16 మి.మీ. నట్టు, ఆర్ అంటే లోపల రెసిస్టర్, 6 హీట్ రేంజ్ (వేడిని బయటికి పంపే స్థాయి), ఈ అంటే మర పొడవు 19 మి.మీ. చివరి 11 గ్యాప్ (స్పార్క్ దూకే సందు), అంటే 1.1 మి.మీ. చివర అంకె లేని ప్లగ్గు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, మరకి సరిగ్గా పడుతుంది, గ్యాప్ మాత్రం తక్కువ. షాపువాడు “రెండూ ఒకటే సార్” అంటే నమ్మకండి. పెట్టెలోంచి తీసి, సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో ఒకసారి చూసుకుంటే పోయేదేమీ లేదు.

బిగించేటప్పుడు రాట్చెట్ తగిలించకుండా, సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ మాత్రమే పెట్టి చేత్తో తిప్పండి. మర అడ్డంగా పడితే చేతికే తెలుస్తుంది. చేత్తో పూర్తిగా కూర్చున్నాక టార్క్ రెంచ్ ఉంటే 18 న్యూటన్ మీటర్లు. లేకపోతే కొత్త వాషర్ ఉన్న ప్లగ్గుకి అర చుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు వరకు, అంతే. మరలకి గ్రీజు గానీ యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే ముద్ద) గానీ పూయొద్దు. ఎన్‌జీకే వాళ్లే వద్దంటారు, వాళ్ల మరల మీద ఇప్పటికే తుప్పు పట్టని పూత ఉంటుంది. గ్రీజు పూస్తే జారుడు పెరిగి, అదే టార్క్‌కి అవసరమైన దానికన్నా ఎక్కువ బిగుస్తుంది.

గోదావరి_గట్టు:
వచ్చేసింది! స్పోకుల చిట్కా పనిచేసింది. రబ్బరు తొడుగు రెండు ముక్కలుగా వచ్చింది, క్లిప్పు విడిగా వచ్చింది. పాత క్యాప్ పక్కన పెట్టి చూస్తే లెక్క సరిపోయింది.

ప్లగ్గు చూస్తే మిగతా మూడూ గోధుమ రంగులో ఉన్నాయి, మూడోది మాత్రం చివర నల్లగా తడిగా, పెట్రోలు వాసన. దాని పింగాణీ మీద నిలువునా సన్నటి నల్లటి గీత ఒకటి ఉంది, పైనుంచి ఇనుప భాగం దాకా. తుడిస్తే పోవట్లేదు. అది పగులా?

ఓమ్స్_సుబ్బు:
పగులు అయ్యుండకపోవచ్చు, స్పార్క్ నడిచిన బాట అది. కరెంటు లోపలి గ్యాప్ దాటకుండా పింగాణీ మీదుగా బయటే ఇనుముకి దూకేసింది, ఆ దారి కార్బన్‌గా మిగిలింది. ఒకసారి ఆ బాట పడిందంటే తర్వాత అటే పోతుంది. పాత క్యాప్ లోపల కూడా దానికి ఎదురుగా అలాంటి గీతే ఉంటుంది, చీల్చి చూడండి. అందుకే ఇలాంటప్పుడు ప్లగ్గు ఒక్కటే మార్చి పాత వైరు పెట్టినా, వైరు ఒక్కటే మార్చి పాత ప్లగ్గు పెట్టినా మళ్లీ మొదటికి వస్తుంది.

తడిగా ఉందంటే అందులో పెట్రోలు మండట్లేదు. మండని పెట్రోలు, పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, అది వేడెక్కి లోపలే కరిగిపోవచ్చు. మిస్సింగ్ ఉన్న బండిని “ఎలాగూ నడుస్తోంది కదా” అని నెలల తరబడి తిప్పేవాళ్లు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

పాత వైర్లు మల్టీమీటర్‌తో చూడండి, ఊరికే తెలుసుకోవడానికి. ఈ హోండా వైర్లకి రెసిస్టెన్స్ 25 కిలో ఓమ్స్ దాటకూడదు. కొలిచేటప్పుడు వైరుని మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల తెగినది అప్పుడే దొరుకుతుంది.

గోదావరి_గట్టు:
ఒకటి, రెండు, నాలుగు వైర్లు ఆ 25 లోపలే ఉన్నాయి. మూడోది లాగినప్పుడు ఎలాగూ తెగింది కాబట్టి మీటర్ ఏమీ చూపించట్లేదు. చీల్చి చూశాను, మీరన్న గీత ఉంది.

ఇప్పుడు కొత్తవి వేసేస్తే సరిపోతుందా, సీళ్లు కూడా ఇప్పుడే మార్చాలా? కవర్ విప్పాలంటే కాస్త భయంగా ఉంది.

బెజవాడ_పానా:
సీళ్లు మార్చకుండా కొత్త క్యాపులు వేస్తే వాటిని కూడా ఆయిల్‌లో నానబెట్టినట్టే. సెట్ పెద్ద ఖరీదు కాదు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, నాలుగు ట్యూబ్ సీళ్లు, నట్ల కింద వాషర్లు కలిపి ఒకే ప్యాకెట్‌లో దొరుకుతాయి. రాజమండ్రిలో లేకపోతే మా ఆటోనగర్ నుంచి తెప్పించుకో. హైదరాబాద్ వాళ్లకి రాణిగంజ్ ఉంది.

కవర్‌కి పైన 10 సైజు పానా నట్లు. విప్పేముందు కవర్ చుట్టూ దుమ్ము తుడిచెయ్, అది క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) మీద పడకూడదు. ప్లగ్గు గుంతల్లో శుభ్రమైన గుడ్డలు కుక్కు. కవర్ ఎత్తాక పాత సీళ్లు చూడు, వేలితో వంచితే పెళుసుగా విరుగుతాయి. కొత్తవాటి అంచుకి కాస్త ఇంజనాయిల్ రాసి చేత్తో సమంగా నొక్కి కూర్చోబెట్టు. గ్యాస్కెట్ కూర్చునే చోటు పొడి గుడ్డతో తుడువు, స్క్రూడ్రైవర్‌తో గీకకు, అది అల్యూమినియం. క్యామ్ హోల్డర్ అర్ధచంద్రంలా ఉండే మూలల దగ్గర మాత్రం కొద్దిగా లిక్విడ్ గ్యాస్కెట్ పెట్టు, కవర్ అంతా పూసెయ్యకు. ఎక్కువ పూస్తే పిండుకుని లోపలికి పోయి ఆయిల్ దారుల్లో ఇరుక్కుంటుంది.

నట్లు ఒకేసారి బిగించకు. మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో. ఒక్కోటి దాదాపు 10 న్యూటన్ మీటర్లు అనుకో, మణికట్టు బలం చాలు. ఇక్కడ బలం చూపించినవాళ్ల స్టడ్లు విరిగి నా దగ్గరికి వస్తుంటాయి.

మాధవి_కూకట్‌పల్లి:
మళ్లీ అతుక్కోకుండా క్యాప్ లోపల ఏదైనా రాయాలా? మా మెకానిక్ వాజలైన్ రాసేవాడు.

ఓమ్స్_సుబ్బు:
మాధవి గారూ, వాజలైన్ కూడా పెట్రోలియం జెల్లీయే, పై కథే మళ్లీ మొదలవుతుంది. బేరింగ్ గ్రీజు కూడా వద్దు. సిలికాన్ గ్రీజు, డైఎలక్ట్రిక్ గ్రీజు అని అమ్ముతారు. క్యాప్ లోపలి అంచు చుట్టూ పల్చగా, వేలితో ఒక పూత చాలు. ఇది కరెంటుని పోనివ్వదు, అందుకే లోపలి క్లిప్పుకి కుక్కి నింపకూడదు, రబ్బరుకి మాత్రమే. నీళ్లు రాకుండా అడ్డుకుంటుంది, వచ్చేసారి తీసేటప్పుడు తేలిగ్గా వస్తుంది. క్యాప్ దించాక ప్లగ్గు తల మీద కూర్చున్నట్టు ‘టక్’ అని తెలియాలి. లోపల గాలి ఇరుక్కుంటే పైకి తన్నుతుంది, క్యాప్ అంచు కాస్త ఎత్తి గాలి వదిలి మళ్లీ నొక్కండి.

గోదావరి_గట్టు:
సీళ్లు వచ్చేదాకా ఆగి ఈ ఆదివారం అన్నీ వేసేశాను. కవర్ విప్పడం భయపడినంత పని కాదు. పానా అన్న చెప్పినట్టు పాత సీలు ఒకటి తీస్తుంటేనే రెండు ముక్కలైంది. స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ వచ్చి ఆగిపోయింది. ఐడిలింగ్ నిలకడగా ఉంది, బ్రిడ్జి మీద మూడో గేరులోనే ఎక్కేసింది. నాన్నగారు వెనక సీట్లో కూర్చుని “కొన్నప్పుడు ఇలా ఉండేది కాదు, ఇంకా బాగుండేది” అన్నారు. ఆయన్ని మెప్పించడం మాత్రం నా వల్ల కాలేదు. పానా అన్నకీ, సుబ్బు గారికీ, అందరికీ థాంక్స్.

రయ్‌రయ్:
అన్నలూ, పన్లో పని నాదొకటి. మా బాపు పాత స్ప్లెండర్ బండికి ప్లగ్ క్యాప్ వదులైంది, వాన పడితే ఆగిపోతుంది. దాన్ని కూడా తిప్పే తియ్యాలా?

బెజవాడ_పానా:
ప్లగ్గు మీది నుంచి తియ్యడానికి కాస్త తిప్పి లాగితే వస్తుంది, అది కారులా అతుక్కోదు. వైరు నుంచి క్యాప్ వేరు చెయ్యాలంటే మాత్రం లాగకూడదు, మర ఉంటుంది. క్యాప్ పట్టుకుని ఎడమవైపు తిప్పితే విప్పుకుంటుంది. బైకు వైరులో రాగి పోగులే ఉంటాయి కాబట్టి చివర అర అంగుళం కోసేసి, తాజాగా కనిపించే పోగుల మీద కొత్త క్యాప్ కుడివైపు తిప్పి బిగించు. అంత కోసినా వైరు ప్లగ్గుకి అందుతుందో లేదో కోసేముందే చూసుకో. క్యాప్ కొనేటప్పుడు రెసిస్టర్ ఉన్నదే అడుగు, చౌకగా వస్తోందని లేనిది కొనకు.